ఐదు ముడుల తాడు

ఉద్యోగానికి దరఖాస్తు నింపేటప్పుడు 'ఇతర అర్హతలు' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయడానికి భయపడకండి. నేను భయపడ్డాను. నా పక్కన కూర్చున్నవాళ్లు టైపు, కుట్టుపని అని రాస్తున్నారు. నాకు అవేవీ రావు. పుస్తకాలు చదువుతానని రాస్తే నవ్వుతారేమో అనిపించింది. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి 'ఈత' అని రాశాను.

ఆ ఒక్క మాట వల్ల, రెండేళ్ల తర్వాత, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగుకు దిగాల్సి వచ్చింది.

ఇలాంటివి పదవీ విరమణ అయ్యాక రాసుకుంటారు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ ఆ పథకం ముగిసింది, కరీంనగర్‌లో మా ఆఫీసు ఉన్న రెండు అద్దె గదుల్లో ఇప్పుడు బట్టల దుకాణం ఉంది. కాబట్టి ఆ ఉద్యోగం నుంచి నేను రిటైరైనట్టే. అప్పటి డైరీ నా దగ్గరే ఉంది. నీళ్ల మీద పనిచేసే ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

మాది చేపల మీద పనిచేసే చిన్న తాత్కాలిక పథకం. చెరువుల నీళ్లు సీసాల్లో తెచ్చి పరీక్షించడం, రిజిస్టర్లు రాయడం నా పని. తొంభైల మొదట్లో ఆదిలాబాద్ వైపు ఒక జలాశయం నుంచి ఫిర్యాదు వచ్చింది. జాలరుల వలలు ఎప్పుడూ ఒకే తావులో చిక్కుకుని చిరిగిపోతున్నాయి. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మోడులు అడుగున ఉన్నాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరో ఒకరు దిగి చూసి గుర్తులు పెట్టాలి. ఆ ఒడ్డున అడవి తప్ప దారి లేదు. అందుకే పడవ మీదే ఐదు రోజులు వండుకుని, పడుకుని, పగలంతా దిగి చూడాలి. బయటి నుంచి మనుషులను పిలిపించే స్తోమత పథకానికి లేదు. మా సార్ సిబ్బంది దరఖాస్తులు తీయించి చూశారు. ఈత వచ్చినవాళ్లు ఇద్దరు తేలారు. ఒకరు మా ఫీల్డ్ అసిస్టెంట్. రెండో మనిషిని నేను.

రానని చెప్పడానికి కూడా కొంత ధైర్యం కావాలి. నాకు అది లేకపోయింది. అందుకే ఒప్పుకున్నాను.

ఫీల్డ్ అసిస్టెంట్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. మానేరు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఆయన నవ్వితే పక్క గదిలో సార్ తలుపు వేసుకునేవారు. నీళ్లంటే ఆయనకు భయం లేదు. నాకు నీళ్లంటేనే కాదు, మా సార్ దగ్గంటే కూడా భయమే.

మాకు నేర్పడానికి శ్రీరాంపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బొగ్గు గనుల్లో పొగ నిండినప్పుడు, నీళ్లు నిండినప్పుడు దిగి మనుషులను బయటికి తెచ్చే పని చేసినవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయనను సముద్రం ఒడ్డుకు పంపి సిలిండర్‌తో మునగడం నేర్పించారట. అందరం ఆయనను ఉస్తాద్ అనేవాళ్లం. మాటలు తక్కువ. మొదటి రోజు సామాను నేల మీద పరిచి, నా వైపు చూసి ఒక మాటన్నాడు.

"బిడ్డా, గనిలగాని నీళ్లల్లగాని మనిషి గాలి లేక సచ్చుడు తక్కువ. గాలి ఉండంగనే ఆగమై తప్పు పని జేస్తడు, గట్ల సస్తడు."

ఇది ధైర్యం చెప్పడమని ఆయన ఉద్దేశం. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నేర్చుకోవడానికి లోతైన నీళ్లు కావాలి. ఆడమనిషి దిగినా పదిమంది చూడని తావు కావాలి. సుల్తానాబాద్ దగ్గర మా ఊళ్లో మా పొలం బావి ఉందని నోరు జారాను. ఆ వారమే జీపు మా పొలం గట్టున ఆగింది. పదిమంది చూడని తావు అనుకున్నాను కానీ, మా ఊరి సంగతి నాకు తెలియదా? మొదటి రోజే నలభై మంది బావి చుట్టూ నిలబడ్డారు. మా నాన్న, మేం బాపు అంటాం, వాళ్లను కసిరి పంపితే సగం మంది పోయారు, మిగతా సగం మోటరు కొట్టం వెనక్కి చేరారు.

నాకు ఈత నేర్పింది బాపే. వీపుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి ఆ బావిలోనే వదిలాడు. ఆడపిల్లకు ఈత ఎందుకని మేం అవ్వ అని పిలిచే అమ్మ అడిగితే, బావి ఉన్న ఇంట్లో ఈత రాని పిల్ల ఉండొద్దని అన్నాడు. బుర్రలు తీసేశాక పిల్లలం ఒక ఆట ఆడేవాళ్లం. గట్టు మీద నుంచి దూకి, దమ్ము పట్టుకుని అడుగుదాకా పోయి, పిడికెడు బురద తేవాలి. తెచ్చినవాడు గెలిచినట్టు. ఒట్టి చేతులతో వస్తే ఓడినట్టు. మా వైపు బావుల్లో ఈత నేర్చిన ఎవరిని అడిగినా ఇదే చెబుతారు: నీళ్లలోకి పోవడమంటే దమ్ము పట్టడమే, ఊపిరి బిగబట్టడమే. మాకది ఎవరూ నేర్పక్కరలేదు. కాళ్లు నీళ్లకు తగలగానే ఛాతీ దానంతట అదే బిగుసుకుంటుంది.

ఇది గుర్తుంచుకోండి. జరిగిందంతా దీనివల్లే.

ఉస్తాద్ బావిలోకి ఒక లావు తాడు వేలాడదీశాడు. అడుగున బండరాయి కట్టాడు. అప్పుడు బావిలో ఐదు నిలువుల నీళ్లున్నాయి. నిలువుకొక ముడి, మొత్తం ఐదు ముడులు. తాడు పట్టుకుని దిగాలి, తాడు పట్టుకుని రావాలి. ఆ పొద్దు ఆయన చాలా సంగతులు చెప్పాడు. సాయంత్రం డైరీలో అన్నీ రాసుకున్నాను. అందులో మూడో వరుస ఇది: 'పైకి వచ్చేటప్పుడు ఊపిరి ఆపకూడదు. వదులుతూ రావాలి.' ఎందుకో ఆయన చెప్పలేదు. చెప్పిన పని చేసే మనుషుల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసినవాడు. ఎందుకని అడిగే అలవాటు నాకూ లేదు.

మొదటిసారి మునిగినప్పుడు నన్ను భయపెట్టింది చీకటి కాదు, బావి గోడల్లో పాములూ కాదు. నా ఊపిరి చప్పుడే. గొట్టంలోంచి పీల్చినప్పుడల్లా నా వెనక ఇంకెవరో నిలబడి పీలుస్తున్నట్టుంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్లీ పీలిస్తే మళ్లీ ఆ మనిషి. రెండో ముడి దగ్గర నా చేతులు తాడుకు అతుక్కుపోయాయి. అప్పుడు ఛాతీ దానంతట అదే బిగుసుకుంది. చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అది మళ్లీ మా చిన్నప్పటి బావి అయిపోయింది. ఇరవై దాకా లెక్కపెట్టుకుని వదిలాను. ఒకటి పీల్చి మళ్లీ దమ్ము పట్టాను. అలాగే అడుగుదాకా పోయాను.

పైకి వచ్చేటప్పుడూ అంతే. కానీ ఒక్కసారిగా రావాలంటే భయం. ప్రతి ముడి దగ్గర ఆగి, రెండు చేతులతో పట్టుకుని, పట్టిన దమ్ము వదిలి, కొత్తది పీల్చి, మళ్లీ బిగబట్టి ఇంకో ముడికి. బావిలోంచి బయటపడటానికి నాకు పట్టినంత సేపు ఇంకెవరికీ పట్టలేదు. గట్టు మీద మా ఊరివాళ్లు తాబేలు అన్నారు.

ఆ రాత్రి ఉస్తాద్ మాటలు రాసిన పేజీలోనే, అడుగున ఇలా రాశాను: 'దమ్ము పడితే భయం తగ్గుతుంది.' పైన మూడో వరుసలో ఉన్నదానికి, ఇక్కడ రాస్తున్నదానికి పొంతన లేదని నాకు తోచలేదు. ఒకటి పాఠం, ఇంకొకటి నా సొంత సంగతి. పాఠాలు, సొంత సంగతులు వేరువేరు అని నేను చాలా కాలం అనుకునేదాన్ని.

ఇంట్లో ప్రయాణం సామాను పోగవుతోంది. అవ్వ సకినాలు, మక్క పేలాలు, నిమ్మకాయ తొక్కు కట్టింది. దోమతెర కుట్టింది. కరీంనగర్‌లో దర్జీ దగ్గర ఒంటికి అంటుకునేట్టు రెండు సల్వార్ కమీజులు కుట్టించుకున్నాను. ఎందుకు ఇంత బిగుతని ఆయన మూడుసార్లు అడిగాడు. ఐదు రోజులు మగవాళ్లతో పడవ మీద ఉండటం, బహిర్భూమికి ఎలా అన్నది, ఇవన్నీ నీళ్ల భయానికి తోడయ్యాయి. పడవ యజమాని భార్య వంటకు వస్తుందనీ, పడవ చివర గోనెపట్టాలతో మరుగు కడతారనీ తెలిసిన రోజున ఏడ్చినంత పని చేశాను. అవ్వ మాత్రం అసలు విషయం ఒక్కసారే ఎత్తింది. "నువ్వు పోనంటె మీ సారేమన్న ఉరి తీస్తడా?" అంది. తీయరు. కానీ ఆ గడిలో 'ఈత' అని రాసింది నేనే.

ఇక గాలి సంగతి. సిలిండర్లు గనుల దగ్గర నింపించుకుని రావాలి. జీపు వారానికి ఒక్కసారే పోతుంది. పడవ మీద ఐదు రోజులకూ తీసుకుపోయినవే దిక్కు. అందుకే ఎవరు ఎంత గాలి వాడారో ప్రతిసారీ సిలిండర్ మీది కొలత ముల్లు చూసి రిజిస్టర్‌లో రాయాలి. రాసేది నేనే. రెండో వారానికి ఒక సంగతి తేలింది. అన్న వాడే గాలిలో సగం కూడా నాకు అవసరం కావడం లేదు. ఆ రోజు సార్ అందరి ముందు రిజిస్టర్ ఎత్తి చూపించి నన్ను మెచ్చుకున్నారు. ఉస్తాద్ కూడా తలూపాడు. నా జీవితంలో పదిమందిలో ఒకరు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఎలా మిగిలిందని వాళ్లు అడగలేదు. నేనూ చెప్పలేదు.

అన్నతో మాత్రం సార్ వేరుగా మాట్లాడారు. ఇంత గాలి తాగే మనిషిని పడవ ఎక్కించలేమని, పరీక్ష రోజుకు కూడా ఇలాగే ఉంటే గనుల నుంచి ఇంకొకరిని అడుగుతామని చెప్పారు. ఆయన ఆ రోజు నవ్వలేదు. మోటరు కొట్టం దగ్గర నేను రిజిస్టర్ సర్దుకుంటుంటే వచ్చి కూర్చున్నాడు.

"చెల్లె, జర నిజం చెప్పు. నీకు గాలి గంతగనం ఎట్ల మిగులుతుంది?"

ఆయన పోకపోతే పడవ మీద నాకు తెలిసిన మనిషే ఉండడు. అది ఒక కారణం. రెండో కారణం, నన్ను ఎవరైనా ఒక సంగతి నేర్పమని అడగడం కూడా అదే మొదలు. "చిన్నప్పటి లెక్క దమ్ము పడుతున్న అన్నా," అన్నాను. "ఒక్కసారి పీల్చి, ఇరవై లెక్కవెట్టి ఇడుస్తున్న."

"గంతేనా? మానేరుల నా అంత దమ్ము పట్టెటోడే లేకుండె."

ముడి ముడికీ ఆగుతానని నేను చెప్పలేదు. దాచాలని కాదు. అది నా పిరికితనం. అది కూడా నేర్పాల్సిన విద్య అని నాకు తెలియదు.

పరీక్ష ఒక పొద్దున పెట్టారు. సార్ గట్టు మీద కుర్చీ వేయించుకున్నారు. ముందు నేను దిగి, తాబేలులా వచ్చాను. తర్వాత అన్న, ఆయనతో పాటు కాపలాగా ఉస్తాద్ దిగారు. నేను తల తుడుచుకుంటూ నీళ్ల మీద బుడగలు చూస్తున్నాను. రెండు గుంపులుగా వస్తున్నాయి. కాసేపటికి ఒక గుంపు పలచబడింది. అది అన్నదని, నేను చెప్పిన మాట పనిచేస్తోందని నాకు సంతోషమైంది. ఆ సంతోషం ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

తర్వాత ఆ గుంపు పూర్తిగా ఆగిపోయింది. ఒక్కసారి నీళ్లు చీల్చుకుని ఆయన తల పైకి లేచింది. తాడు పట్టుకోలేదు. కుడి చెయ్యి పైకెత్తి ఉంది. పిడికిట్లో బురద. మా పిల్లల ఆట. గట్టు మీద ఊరివాళ్లు ఈలలు వేశారు. ఆయన నవ్వబోయాడు. పిడికిలి విడిపోయి బురద మొహం మీద జారింది. నోట్లోంచి గొట్టం ఊడిపోయి, వెంట గులాబీ రంగు నురగ వచ్చింది.

అడుగున ఆయన కాలు పట్టుకోబోయి జారవిడిచిన ఉస్తాద్ వెనకే వచ్చాడు. బాపు, ఇంకో ఇద్దరు దిగి మోసుకొచ్చారు. అన్న మాట్లాడబోతే గొంతు పిల్లవాడి గొంతులా సన్నగా వచ్చింది. ఉస్తాద్ ఆయన మెడ మీద వేళ్లు పెట్టి, నా చెయ్యి పట్టి అక్కడే పెట్టించాడు. చర్మం కింద ఇసుక నలిగినట్టు కరకరమంది. చిట్లిన ఊపిరితిత్తిలోంచి గాలి మెడలోకి ఎక్కిందని తర్వాత తెలిసింది. ఉస్తాద్ జీపులో గనుల ఆక్సిజన్ డబ్బా ఎప్పుడూ ఉంచుకునేవాడు. అది ముక్కుకు కట్టి కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను వెనక సీట్లో ఆయన కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ఆయన ఛాతీనే చూశాను. ఒక్కో ఊపిరికీ ఇంకోటి వస్తుందో రాదో.

సాయంత్రానికి డాక్టరు ప్రాణభయం లేదన్నాడు. చిన్న చీలిక, మానుతుంది, కానీ మళ్లీ నీళ్ల అడుగుకు పోకూడదు. ఆ మాట వినగానే సార్ ఆసుపత్రి వరండాలో ఉస్తాద్ మీద పడ్డారు. మూడు వారాలు నేర్పింది ఇదేనా అన్నారు. రేపే వెనక్కి పంపిస్తానని, గనులవాళ్లకు ఉత్తరం రాస్తానని అన్నారు. ఉస్తాద్ తల వంచుకుని నిలబడ్డాడు. చెప్పానని అనలేదు. గనుల్లో మనిషికి దెబ్బ తగిలితే తీసుకుపోయినవాడిదే తప్పు, అది వాళ్ల పద్ధతి అట.

డైరీ నా సంచిలో ఉంది. అప్పటిదాకా దాన్ని అవ్వకు కూడా చూపించలేదు. అందులో సార్ దగ్గు గురించి కూడా ఉంది. ఉత్తరం పోతే ఉస్తాద్ పేరు పోతుంది. డైరీ ఇస్తే నా ఉద్యోగం పోతుంది. ఆ పేజీ వెతికి తీశాను.

"సార్, ఉస్తాద్ మొదటిరోజే చెప్పిండు. గిదిగో. దమ్ము పట్టమని అన్నకు చెప్పింది నేను."

సార్ చదివి డైరీని ఉస్తాద్‌కు ఇచ్చారు. ఆయన వేలు పైనుంచి మూడో వరుస మీద ఆగింది, తర్వాత అడుగు వరుస మీద ఆగింది. నా వైపు చూశాడు.

"నువ్వు గూడ పడుతున్నవా? పైకి వచ్చేటప్పుడు గూడనా?"

తలూపాను. ముడి దగ్గర ఆగి వదిలి మళ్లీ పీలుస్తానని, ఆగకుండా రావాలంటే భయమని చెప్పాను. ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. అన్నను బావిలోంచి మోసుకొచ్చినప్పుడు కూడా ఆయన మొహం అంత పాలిపోలేదు.

"భయపడు బిడ్డా," అన్నాడు. "ఎంతన్న భయపడు. దమ్ము మాత్రం పట్టకు."

మర్నాడు నన్ను, సార్‌ను మళ్లీ బావికి తీసుకుపోయాడు. అంగడిలో కొన్న ఎర్ర బుగ్గను, పిల్లలు ఊదే బెలూన్‌ను, అడుగుదాకా తీసుకుపోయి, అక్కడ సిలిండర్ గాలితో బిగువుగా నింపి, మూతి కట్టి వదిలాడు. గట్టు మీద వంగి చూశాం. అడుగున అది దూరానికి నిమ్మకాయంత కనబడింది. వస్తూ వస్తూ ఉబ్బింది. నీళ్ల పైకి ఇంకా మూరెడు ఉందనగా పగిలి, రబ్బరు ముక్కలు తేలాయి. ఉస్తాద్ పైకి వచ్చి, పట్టిన దమ్ము ఛాతీలో ఇలాగే ఉబ్బుతుందని, ఈ బుగ్గను మొదటిరోజే చూపించాల్సిందని, తప్పు తనదీ అని సార్‌తో అన్నాడు. సార్ ఉత్తరం రాయలేదు. రిజిస్టర్‌లో గాలి లెక్క ఉన్న పేజీని మాత్రం తానే చింపేశారు. నా ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు.

వారం తర్వాత అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో డైరీలో ముందే రాసుకుపోయాను, కానీ అంతా ఉస్తాద్ దగ్గర విన్న ఆయనే ముందు అందుకున్నాడు.

"ముడి ముడికి ఆగుతనని చెప్పకపోతివి చెల్లె," అన్నాడు. "పిరికిదానివి, ఆ పిరికితనం జర నాక్కూడ నేర్పకపోతివి."

నవ్వితే నొప్పి. అందుకని పెదవులతోనే నవ్వాడు. తాను మునగలేకపోయినా పడవ మీదికి వస్తానని, నా తాడు ఇంకెవరి చేతికీ ఇవ్వనని చెప్పాడు.

ఉస్తాద్ నాకు మళ్లీ మొదటినుంచి నేర్పాడు. పైకి వచ్చేటప్పుడు గొట్టం నోట్లో ఉండగానే గొంతుతో సన్నగా 'ఊ' అంటూ రావాలి. గొంతు పలుకుతుంటే దమ్ము బిగబట్టడం కుదరదు. బడిలో ప్రార్థనకు కూడా పెదవులే కదిపినదాన్ని నేను. ఇరవై మంది చూస్తుండగా బావిలోంచి ఊ అంటూ లేచాను, దినానికి ఆరుసార్లు. నా ఛాతీ నా మాట వినడానికి మూడు వారాలు పట్టింది.

చలికాలం చివర, నీళ్లు తేటపడ్డాక పడవ ఎక్కాం. రేకుల కప్పు, రెండు చెక్క బల్లలు, గోనెపట్టాల మరుగు. అడవి ఒడ్డు దూరంగా నల్లగా ఉంది. మొదటి రోజు పొద్దున అంచు మీద కూర్చుంటే నా పళ్లు గొట్టం మీద టకటకా కొట్టుకున్నాయి. దిగకుండా ఉండటానికి ఎన్ని కారణాలు ఉంటాయో అన్నీ తలచుకున్నాను. అన్న నా నడుముకు తాడు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు. ఉస్తాద్ ముందు దిగాడు. నేను వెనకే జారాను.

అడుగున మోకాలెత్తు గోడ ఒకటి కనబడింది. దాని పొడుగునా తెగిన వలలు వేలాడుతున్నాయి. ఎవరిదో ఇల్లు. నేను గుర్తుగా పైకి తేలే సొరకాయ బుర్ర కట్టి ఉస్తాద్‌కు సైగ చేశాను. ఆయన ఇంకా చూడాల్సింది ఉందని నన్ను పైకి పొమ్మన్నాడు. పడవ నుంచి వేలాడదీసిన ముడుల తాడు పట్టుకుని లేచాను. వెనక ఆ మనిషి మళ్లీ పీలుస్తున్నాడు. ఛాతీ బిగుసుకోబోయింది. ఊ అన్నాను. ముడి దగ్గర ఆగాను. మళ్లీ ఊ అన్నాను. వెలుతురు దగ్గరైంది.

తల పైకి రాగానే మొదట కనబడింది అన్న మొహం. పడవ అంచు మీద బోర్లా పడుకుని, తాడు రెండు పిడికిళ్లలో బిగించి, నీళ్లనే చూస్తున్నాడు. ఎండకు కళ్లు ఎర్రబడ్డాయి. నేను దిగినప్పటి నుంచి అలాగే ఉన్నాడని పడవ యజమాని భార్య తర్వాత చెప్పింది.

"ఆగలే చెల్లె," అన్నాడు. "నీ బుడగలు ఒక్కసారి గూడ ఆగలే."

నన్ను పైకి లాగి, నా ఖాళీ చేతులు చూశాడు.

"బురద తేలేదా?"

తేలేదని తలూపాను.

"అయితే ఓడిపోయినవ్ పో," అన్నాడు. అప్పటికే మళ్లీ నీళ్ల వైపు తిరిగాడు. అక్కడ ఉస్తాద్ బుడగలు ఇంకా వస్తున్నాయి.